పాఠకునికి తగిన గ్రంథం: బాగ్దాదు వర్రాఖుల నుంచి ఉక్కునగరం వరకు

ఒక గ్రంథాలయంలో ఎన్ని పుస్తకాలు ఉన్నాయో లెక్క చెప్పడం తేలిక. ఆ పుస్తకాలలో ఎన్ని, తమ కోసం ఎదురుచూస్తున్న పాఠకుని చేతికి చేరాయో చెప్పడం కష్టం. గ్రంథాలయాల చరిత్ర వ్రాసినవారు ఎక్కువగా మొదటి లెక్కతోనే తృప్తిపడ్డారు. లక్షల సంపుటాల సంఖ్యలు, పాలరాతి మందిరాలు, పోషకులైన సుల్తానుల పేర్లు చరిత్రలో నిలిచాయి. ఫలానా అభిరుచి గల మనిషికి ఫలానా గ్రంథం చదవమని సూచించిన వారి కృషి మాత్రం మరుగున పడిపోయింది. నిజానికి గ్రంథాలయానికి ప్రాణం పోసింది ఆ కృషే.

ఈ విషయాన్ని పరిశీలించడానికి ఉక్కునగరం వంటి ఊరు మంచి ఉదాహరణ. విశాఖలో ఉక్కు కర్మాగారం కావాలని 1966లో ఆంధ్రదేశమంతటా ఉద్యమం చెలరేగింది. కాల్పులలో ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ కర్మాగార నిర్ణయాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1990లో 'గోదావరి' అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పని ప్రారంభించింది. 1992 ఆగస్టు 1న కర్మాగారం జాతికి అంకితమైంది. దాని ఉద్యోగుల కోసం సెక్టార్లుగా విభజించి కట్టిన ఊరు ఉక్కునగరం.

ఇది తాతముత్తాతల నాటి నుంచి ఒకే కులవృత్తుల చుట్టూ పెరిగిన గ్రామం కాదు. వేర్వేరు జిల్లాల నుంచి, వేర్వేరు రాష్ట్రాల నుంచి వచ్చినవారు ఇక్కడ ఇరుగుపొరుగువారయ్యారు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కర్మాగారంలో హిందీ, ఇంగ్లీషు వినే ముస్లిం కుటుంబాలు కూడా వారిలో ఉన్నాయి. ఇటువంటి ఊరిలో గ్రంథాలయానికి వచ్చే పాఠకులందరిదీ ఒకే అభిరుచి కాజాలదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన ఫిట్టరుకు కావలసిన పుస్తకం వేరు. బొమ్మలు గీయడంలో ఆసక్తి గల బాలికకు కావలసినది వేరు. పదవీ విరమణ చేసి మొక్కలు పెంచుకుంటున్న పెద్దమనిషికి కావలసినది వేరు.

అయినా చాలా ఇళ్లలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. పరీక్షకు పనికివచ్చే చదువు ఒకటి, ధార్మికమైన చదువు ఒకటి, ఈ రెండూ తప్ప తక్కినదంతా కాలక్షేపమని ఆ అభిప్రాయం. తోటపని, చిత్రలేఖనం, నక్షత్రాల పరిశీలన, వంట, యంత్రాల తయారీ వంటి విషయాలపై పుస్తకాలు అడిగిన పిల్లవానికి సాధారణంగా మందలింపే దొరుకుతుంది. ముస్లింల విజ్ఞాన చరిత్ర ఈ అభిప్రాయాన్ని సమర్థిస్తుందా? ఆ చరిత్రలోని ఒక ప్రసిద్ధ గ్రంథాన్ని తెరిస్తే జవాబు దొరుకుతుంది.

ఒక పుస్తక విక్రేత కూర్చిన పట్టిక

బాగ్దాదులో కాగితం విరివిగా దొరకడం మొదలైన తరువాత 'వర్రాఖ్' అనే వృత్తివారు పెరిగారు. వీరు గ్రంథాలకు ప్రతులు వ్రాసేవారు, వాటిని అమ్మేవారు. వీరి దుకాణాలు పండితులు కలుసుకునే చోట్లుగా కూడా ఉండేవి. అటువంటి ఒక వర్రాఖ్ కుటుంబానికి చెందినవాడు ఇబ్ను నదీమ్. ఆయన హిజ్రీ 377లో, అంటే క్రీ.శ. 987-88లో, 'అల్ ఫిహ్రిస్త్' అనే గ్రంథసూచి కూర్చాడు. అరబ్బీ భాషలో అప్పటికి దొరుకుతున్న గ్రంథాలను, వాటి కర్తలను పరిచయం చేయడం దాని ఉద్దేశం.

ఈ సూచిలో పది ప్రకరణాలు ఉన్నాయి. మొదటిది భాషలు, లిపులు, దైవగ్రంథాల గురించి. తరువాత వ్యాకరణం, చరిత్ర, కవిత్వం, ధర్మమీమాంస, ధర్మశాస్త్రం వస్తాయి. ఏడవ ప్రకరణం తత్త్వశాస్త్రానికి, గణితం, ఖగోళం, వైద్యం వంటి ప్రాచీన శాస్త్రాలకు కేటాయించబడింది. ఎనిమిదవ ప్రకరణం కథలకు, ఇంద్రజాలానికి, ఆ తరువాత నేటి భాషలో 'హాబీ'లు అనదగిన విషయాలకు చోటిచ్చింది. గుర్రాల పోషణ, డేగలతో వేట, ఆయుధాలు, వంటలు, సుగంధ ద్రవ్యాలు, కలల అర్థాలు, వీటన్నిటిపై వ్రాసిన పుస్తకాల పేర్లు అక్కడ ఉన్నాయి. తొమ్మిదవ ప్రకరణంలో భారతదేశపు మతాల ప్రస్తావన కూడా ఉంది. పదవది రసవాదం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. 'హజార్ అఫ్సాన్' అనే పారసీక కథల పుస్తకం ఇబ్ను నదీమ్‌కు నచ్చలేదు. అది పేలవమైన రచన అని ఆయన నిర్మొహమాటంగా వ్రాశాడు. కాని దానిని సూచి నుంచి తీసివేయలేదు. తనకు నచ్చని పుస్తకం మరొకరికి కావలసినది కావచ్చునని ఆ పుస్తక విక్రేతకు తెలుసు. వేయిన్నొక్క రాత్రుల కథలకు మూలమైన ఆ గ్రంథం గురించి చరిత్రకారులకు తెలిసిన కొద్దిపాటి సమాచారంలో ఆయన వ్రాసిన వాక్యాలు ముఖ్యమైనవి. ఆయన పేర్కొన్న గ్రంథాలలో అత్యధిక భాగం నేడు లభించడం లేదు. పుస్తకాలు నశించాయి, వాటిని సూచించిన పట్టిక మిగిలింది.

అభిరుచులను కత్తిరించినప్పుడు

దీనికి భిన్నమైన ఉదాహరణ స్పెయిన్ చరిత్రలో ఉంది. కొర్డోబాను క్రీ.శ. 961 నుంచి 976 వరకు పాలించిన రెండవ అల్ హకమ్ గ్రంథప్రియుడు. ఆయన గ్రంథాలయంలో 4 లక్షల సంపుటాలు ఉండేవని, వాటి పేర్ల పట్టికే 44 సంపుటాలని పాత చరిత్రకారులు చెప్పారు. మొదటి సంఖ్యలో కొంత అతిశయోక్తి ఉండవచ్చు. అయినా ఆ కాలంలో యూరప్‌లో దానికి సాటి రాగల గ్రంథాలయం లేదన్నది నిజం.

అల్ హకమ్ మరణించిన తరువాత అధికారం ఆయన బాలుడైన కుమారుని పేరిట మంత్రి అల్ మన్సూర్ చేతికి వచ్చింది. 11వ శతాబ్దపు చరిత్రకారుడు సాయిద్ అల్ అందలుసీ వ్రాసిన ప్రకారం, కొందరు పండితులను సంతోషపెట్టడానికి అల్ మన్సూర్ ఆ గ్రంథాలయాన్ని వడపోయించాడు. వైద్యం, లెక్కలు వంటివి ఉంచి, తర్కం, ఖగోళం మొదలైన శాస్త్రాల పుస్తకాలను వేరుచేసి కొన్నిటిని తగులబెట్టించాడు, కొన్నిటిని బావులలో పడవేయించాడు. మిగిలినవి ఆ తరువాతి అంతర్యుద్ధాలలో అమ్ముడుపోయి చెల్లాచెదరయ్యాయి. బయటి శత్రువు రాకముందే గ్రంథాలయం లోపలి నుంచి చిన్నదైపోయింది. ఎవరికి ఏది పనికివస్తుందో ఒక్కరే అందరి తరఫునా నిర్ణయించినప్పుడు జరిగే నష్టానికి ఇంతకంటె గట్టి నిదర్శనం అవసరం లేదు.

దీనికి పూర్తి విరుద్ధమైన చిత్రం మధ్య ఆసియాలోని మర్వ్ నగరంలో కనిపిస్తుంది. భూగోళ నిఘంటువు కూర్చిన యాఖూత్ అల్ హమవీ చిన్ననాడు బానిసగా అమ్ముడుపోయినవాడు. స్వేచ్ఛ పొందిన తరువాత పుస్తకాలకు ప్రతులు వ్రాసి, అమ్మి జీవించాడు. మంగోలుల దండయాత్రకు ముందు ఆయన మర్వ్‌లో కొంతకాలం ఉన్నాడు. అక్కడి గ్రంథాలయాలు ఎంత ఉదారమైనవంటే, తన ఇంట్లో ఎప్పుడూ సుమారు 200 సంపుటాలు ఉండేవని, చాలావాటికి పూచీ సొమ్ము కూడా అడగలేదని ఆయన కృతజ్ఞతతో వ్రాసుకున్నాడు. ఆయన మహాగ్రంథానికి ముడిసరుకు ఆ ఎరువు పుస్తకాల నుంచే లభించింది. కొద్ది సంవత్సరాలకే, 1221లో, మర్వ్ మంగోలుల చేతిలో నేలమట్టమైంది. ఆ గ్రంథాలయాల సారంలో కొంత నేడు మిగిలి ఉన్నదంటే, ఒక పాఠకుడు వాటిని ఇంటికి తీసుకుపోగలగడమే కారణం.

విశాఖతీరంలో

పాఠకుని కేంద్రంగా చేసుకున్న గ్రంథాలయ భావన తెలుగునేలపై ఆధునిక రూపంలో విశాఖపట్నంలోనే మొదలైందని చెప్పవచ్చు. 1886లో మంతెన ఆదినారాయణమూర్తి అనే ఉపాధ్యాయుడు ఇక్కడ 'సరస్వతీ నిలయం' స్థాపించాడు. ఆంధ్రప్రాంతంలో మొదటి పౌరగ్రంథాలయంగా దానిని పేర్కొంటారు. స్థాపకుడు జమీందారు కాదు, అధికారి కాదు, బడిపంతులు. ఐదేళ్ల తరువాత, 1891లో, హైదరాబాదులో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడింది. అరబ్బీ, పారసీక, ఉర్దూ గ్రంథాలకు అది దేశంలో ప్రముఖ నిలయమైంది. ఆ నగరంలోనే 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెలుగు పాఠకుల కోసం వెలిసింది.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని ఏర్పరచారు. అయ్యంకి వెంకటరమణయ్య దానికి ఊపిరి. చూపు కోల్పోయిన కవి చిలకమర్తి లక్ష్మీనరసింహం ఆ సభకు అధ్యక్షత వహించడం విశేషం. పుస్తకాన్ని కళ్లతో చదవలేని మనిషి గ్రంథాలయ సభకు అధ్యక్షుడు కావడంలోనే ఆ ఉద్యమ స్వభావం తెలుస్తుంది. చదువురానివారికి పత్రికలు, పుస్తకాలు చదివి వినిపించడం కూడా అప్పటి గ్రంథాలయాల పనిగా ఉండేది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువపై పడవలో పుస్తకాలు తీసుకుపోయే గ్రంథాలయం నడిపించాడు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే అతని రేవుకు పోవాలన్నది అందులోని సూత్రం. మూడు షిఫ్టులలో పనిచేసే ఉక్కునగర కార్మికునికి కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. అతడు నిద్రపోయే వేళలో తెరచి, అతడు ఖాళీగా ఉన్న వేళలో మూసే గ్రంథాలయం అతనికి లేనట్లే.

1931లో మద్రాసులో ఎస్.ఆర్. రంగనాథన్ ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాలు ప్రపంచప్రసిద్ధమైనవి. పాఠకులలో ప్రతి ఒక్కరికీ తగిన గ్రంథం ఉంటుందని, గ్రంథాలలో ప్రతి ఒక్కదానికీ తగిన పాఠకుడు ఉంటాడని వాటిలో రెండింటి సారాంశం. ఇదే కాలంలో విశాఖలోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తు గ్రంథాలయాన్ని అబ్బూరి రామకృష్ణారావు నిర్వహించాడు. ఆయన కవి, నాటకరంగ నిపుణుడు కూడా. కళాభిరుచి గల మనిషి గ్రంథపాలకుడైతే అల్మారాకూ పాఠకునికీ మధ్య దూరం తగ్గుతుంది. పదవ శతాబ్దం చివర షీరాజులోని బువైహిద్ పాలకుని గ్రంథాలయాన్ని చూసిన ఇబ్నుల్ బవ్వాబ్ కూడా ఇటువంటివాడే. ఆయన మొదట ఇళ్లకు రంగులు, అలంకరణలు వేసిన పనివాడు, తరువాత అరబ్బీ సుందరలిపిలో మహాచార్యుడు. ఇబ్ను ముఖ్లా స్వహస్తంతో వ్రాసిన ఖుర్ఆన్ ప్రతి 30 భాగాలలో ఒకటి కనబడకపోతే, ఆ భాగాన్ని తానే వ్రాసి కలిపాడని, ఏది కొత్తదో పాలకుడు గుర్తించలేకపోయాడని ప్రసిద్ధి.

అభిరుచిని బట్టి గ్రంథం

ఈ చరిత్ర వెలుగులో ఉక్కునగర పాఠకునికి ఏ గ్రంథాలు సూచించవచ్చునో పరిశీలించడం సముచితం.

కథలు ఇష్టపడే పిల్లలకు పంచతంత్ర కథలు మంచి ఆరంభం. చిన్నయసూరి 1853లో వెలువరించిన 'నీతిచంద్రిక' ఆ సంప్రదాయంలోనిదే. అదే పంచతంత్రం పహ్లవీ భాష మీదుగా పోయి, 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతిలో 'కలీలా వ దిమ్నా' అయి అరబ్బీ గద్యానికి ఆదర్శమైంది. రెండింటినీ పక్కపక్కన చదివిన బాలునికి తన రెండు వారసత్వాలూ ఒకే ఊటనుంచి నీరు తాగినట్లు తెలుస్తుంది. కాస్త పెద్దవారికి ఇబ్ను తుఫైల్ 12వ శతాబ్దంలో వ్రాసిన 'హయ్యిబ్ను యఖ్జాన్' ఉంది. నిర్జన ద్వీపంలో ఒంటరిగా పెరిగిన మనిషి తన బుద్ధితోనే సత్యాన్ని వెదకిన కథ అది. విశాఖ జీవితాన్ని నవలలో చూడదలచినవారికి రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' ఉండనే ఉంది.

కవిత్వప్రియులకు జాషువా 1932లో వెలువరించిన 'ఫిరదౌసి' సూచించదగినది. పారసీక మహాకవి జీవితగాథ తెలుగు పద్యంలో ఎంత సహజంగా ఇమిడిందో అందులో చూడవచ్చు. ఉమర్ ఖయ్యాం కవిత్వాన్ని తెలుగు చేసిన దువ్వూరి రామిరెడ్డి 'పానశాల', పిఠాపురం సూఫీ కవి ఉమర్ అలీషా రచనలు ఈ వరుసలోనివే. తెలుగు ముస్లిం పాఠకునికి తన భాషలో తన సంస్కృతి పరాయిది కాదన్న ధైర్యాన్ని ఈ పుస్తకాలు ఇస్తాయి.

ప్రయాణాలపై ఆసక్తి గలవారికి రెండు గ్రంథాలు జంటగా ఇవ్వవచ్చు. 1325లో టాంజియర్ నుంచి బయలుదేరిన ఇబ్ను బతూతా యాత్రాగ్రంథం ఒకటి. 1830-31లో మద్రాసు నుంచి కాశీకి పోయివచ్చిన ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' మరొకటి. చరిత్రాభిమానులకు సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఇవ్వాలి. రాజుల యుద్ధాలకంటె ప్రజల తిండి, బట్ట, ఆటపాటల గురించి చెప్పిన పుస్తకం అది.

ఇక చేతిపనులు, వ్యాపకాల విషయం. తోటపని చేసేవారికి నేటి ఉద్యానశాస్త్ర పుస్తకాలతో పాటు ఇబ్నుల్ అవ్వామ్ పేరు చెప్పాలి. 12వ శతాబ్దంలో సెవిల్ ప్రాంతంలో జీవించిన ఆయన తన వ్యవసాయ గ్రంథంలో 585 మొక్కలను వర్ణించాడు, అంట్లు కట్టే పద్ధతులు, నేలల గుణాలు వివరించాడు. యంత్రాలు తయారుచేసే కుతూహలం గల యువకునికి అల్ జజరీ 1206లో ముగించిన యంత్రశాస్త్ర గ్రంథం ఆశ్చర్యం కలిగిస్తుంది. నీటి గడియారాలు, నీరు తోడే సాధనాలు మొదలైన 50 పరికరాలను బొమ్మలతో, కొలతలతో, మరొక పనివాడు చూసి చేయగలిగినంత స్పష్టంగా ఆయన వర్ణించాడు. 1974లో డొనాల్డ్ హిల్ దీనిని ఇంగ్లీషులోకి అనువదించాడు. వంటలో కొత్తదనం కోరేవారికి 10వ శతాబ్దపు బాగ్దాదులో ఇబ్ను సయ్యార్ అల్ వర్రాఖ్ కూర్చిన పాకశాస్త్ర గ్రంథం ఉంది.

రాత్రివేళ మేడపై నుంచి ఆకాశం చూసేవారికి అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ సుమారు 964లో వ్రాసిన స్థిర నక్షత్రాల గ్రంథం, దానిలోని రాశుల చిత్రాలు ఆనందాన్నిస్తాయి. ఇంగ్లీషు పుస్తకాలలో కనిపించే అల్డెబరాన్, ఆల్టెయిర్, వేగా అరబ్బీ నుంచి వచ్చిన పేర్లు. ఆ మూడు చుక్కలనే తెలుగువారు రోహిణి, శ్రవణం, అభిజిత్తు అంటారు. ఈ ఒక్క సంగతి తెలిసిన పిల్లవానికి ఆకాశం తన ఇంటిదవుతుంది.

ఉక్కు కథ

ఉక్కునగరంలో అన్నిటికంటె ముందు సూచించవలసిన విషయం ఉక్కు చరిత్రే. తాను రోజూ చూసే లోహం గురించి తన పూర్వులు ఏమి వ్రాశారో అక్కడి కార్మికునికి సాధారణంగా ఎవరూ చెప్పరు.

తత్త్వవేత్తగా పేరొందిన అల్ కిందీ 9వ శతాబ్దంలో ఖలీఫా అల్ ముఅతసిమ్ కోసం ఖడ్గాలపై ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. సహజంగా లభించే ఇనుమునూ, తయారుచేసిన ఉక్కునూ వేరుచేసి, ఏయే దేశపు ఖడ్గం ఎటువంటిదో అందులో వివరించాడు. వాటిలో భారతదేశపు ఖడ్గాలు కూడా ఉన్నాయి. అల్ బిరూనీ రత్నాలు, లోహాలపై వ్రాసిన గ్రంథంలో ఇనుముకు ప్రత్యేకంగా చోటిచ్చాడు. అరబ్బీలో మేలైన ఖడ్గానికి 'ముహన్నద్' అనే పేరు ఉంది. హింద్, అంటే భారతదేశపు ఇనుముతో చేసినదని దాని అర్థం.

ఆ ఇనుములో కొంత తెలుగునేల నుంచే పోయింది. 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టవర్నియే, పర్షియాలో జౌహర్ గీతలు తేలే కత్తులకు గోల్కొండ రాజ్యపు ఉక్కు వాడతారని వ్రాశాడు. 19వ శతాబ్దం మొదటి పాదంలో హెన్రీ వాయ్సీ అనే ఆంగ్లేయుడు తెలంగాణలోని కోనసముద్రం వెళ్లి, మూసలలో ఉక్కు కరిగించే పద్ధతిని స్వయంగా చూశాడు. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. యూరోపియనులు ఈ లోహాన్ని 'ఊట్జ్' అన్నారు. ఆ మాట తెలుగు, కన్నడ భాషల 'ఉక్కు' నుంచే పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం.

అల్ కిందీ పుస్తకం ఆయుధ సేకరణ వంటి ఒక అభిరుచికి సంబంధించినది. ఇబ్ను నదీమ్ ఇటువంటి పుస్తకాలకు తన సూచిలో చోటివ్వకపోయి ఉంటే, 'కాలక్షేపం' అని ప్రతులు వ్రాసేవారు వాటిని వదలివేసి ఉంటే, తెలుగునేల ఉక్కు చరిత్రలో ఒక అధ్యాయం చీకటిలోనే ఉండేది. కాలక్షేపమని ఒక తరం తోసిపుచ్చిన పుస్తకం మరొక తరానికి చరిత్ర కావచ్చు.

ముగింపు

పైన పేర్కొన్న ప్రాచీన గ్రంథాలలో చాలావాటికి పూర్తి తెలుగు అనువాదాలు సులభంగా దొరకవు. కొన్నిటిని ఉర్దూలోనో ఇంగ్లీషులోనో చదవవలసి ఉంటుంది. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం హైదరాబాదులో ఏర్పడిన అనువాద సంస్థ వందలాది శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర, విజ్ఞానశాస్త్రాలను తెలుగు చేసింది. ఈ రెండు కృషులను కలుపవలసిన పని తెలుగు ముస్లిం విద్యావంతుల ముందు ఉంది. ఉర్దూ వచ్చిన తండ్రి, తెలుగు వచ్చిన కుమార్తె ఒకే బల్లవద్ద కూర్చుంటే ఆ పని ఇంటిలోనే ప్రారంభమవుతుంది.

గ్రంథాలయాల కోసం చట్టాలు వచ్చాయి, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయాల చట్టం సెస్సు ఏర్పాటు చేసింది. కాని ఏ చట్టమూ పాఠకుని పేరు పెట్టి పిలిచి, నీకు నచ్చే పుస్తకం ఇదిగో అని చేతికి ఇవ్వజాలదు. ఆ పని 1886లో విశాఖలో ఒక బడిపంతులు చేశాడు, అంతకు తొమ్మిది శతాబ్దాల ముందు బాగ్దాదులో ఒక పుస్తక విక్రేత చేశాడు. వారిద్దరి దగ్గరా ధనరాశులు లేవు. పుస్తకాన్ని, మనిషిని రెండింటినీ ఎరిగి ఉండటమే వారి పెట్టుబడి. ఉక్కునగరంలో నలుగురు పాఠకులు ఒకచోట చేరి, తాము చదివిన పుస్తకాల పేర్లు, అవి ఎవరికి పనికివస్తాయో ఒక నోటుపుస్తకంలో వ్రాసి గ్రంథాలయం బల్లపై ఉంచినా, ఇబ్ను నదీమ్ మొదలుపెట్టిన పని కొనసాగినట్లే.